సూసన్న ఎవరి కుమార్తె? – మేఫ్లవర్ ఓడలో వచ్చిన ఒక స్త్రీ పుట్టింటిని గూర్చిన విమర్శనాత్మక పరిశీలన

1. ఉపోద్ఘాతము

కొన్ని సంవత్సరాల క్రితము మా పాస్టరేటులో ఒక వృద్ధ విధవరాలు ప్రభువునందు నిద్రించారు. సమాధి కార్యక్రమములో చదువుటకు ఆమె జీవిత సంగ్రహమును సంఘ రిజిస్టరు చూచి మేమే వ్రాసుకొన్నాము. బాప్తిస్మపు పేరు, సంవత్సరము రెండును సరిపోయినవి. ఆమె తండ్రి పొరుగు గ్రామములో ఉపదేశిగా సేవ చేసినవారని చదివాము. కార్యక్రమము ముగిసిన తరువాత ఆమె తమ్ముడు మా యొద్దకు వచ్చి, "అయ్యగారూ, ఆయన మా నాయన కాదండి. మా నాయన పాలేరు పని చేసినోడు. చదువు లేదు గాని మా ఇంట్లో మొట్టమొదట దేవుణ్ణి నమ్ముకొన్నది ఆయనే" అని మెల్లగా చెప్పాడు. తిరిగి వెళ్లి రిజిస్టరు చూడగా, ఆ సంవత్సరము అదే పేరుతో ఇద్దరు బాప్తిస్మము పొందినట్లు కనబడింది. మేము మొదట కనబడిన పేరు దగ్గరే ఆగిపోయాము. తప్పు అంత పెద్దది కాదని కొందరు మమ్మును ఓదార్చారు. కాని ఆ ఇంటికి విశ్వాసమును తెచ్చిన మనిషిని, ఆయన కుమార్తె సమాధి యొద్దనే మేము తీసివేశాము.

ఇటువంటి పొరపాటే మరింత పెద్ద ఎత్తున, ప్రఖ్యాత గ్రంథములలోనే జరిగిన సందర్భము ఒకటి ఉన్నది. 1620లో మేఫ్లవర్ ఓడలో ఉత్తర అమెరికా తీరము చేరి, ప్లిమత్ వలస నివాసమును స్థాపించిన వారిలో సూసన్న అనే స్త్రీ ఒకతె. ఆమె మొదట విలియం వైట్ భార్య, తరువాత ఎడ్వర్డ్ విన్‌స్లో భార్య. పెండ్లికి ముందు ఆమె ఇంటిపేరేమి, ఆమె ఎవరి కుమార్తె అన్న ప్రశ్నకు బహుకాలము "ఫుల్లర్ వారి అమ్మాయి" అనే జవాబు చెప్పబడుతూ వచ్చింది. ఆ జవాబు నిలువదు. అది ఎందుకు పుట్టినది, ఏ ఆధారము దానిని పడగొట్టినది, దాని స్థానములో 2017లో వచ్చిన ప్రతిపాదన ఎంతవరకు అంగీకారయోగ్యము అనే మూడు సంగతులను ఈ వ్యాసములో పరిశీలిస్తాము. సంఘకాపరులుగా సాక్ష్యాధారములను ఎలా చదవాలో నేర్చుకొనుటకు ఈ చిన్న ప్రశ్న మనకు ఉపయోగపడుతుందని మా అభిప్రాయము.

2. నిశ్చయముగా తెలిసిన సంగతులు

మొదట వివాదము లేని సంగతులను వేరుచేసుకొనుట మంచిది. ప్లిమత్ గవర్నరుగా అనేక సంవత్సరాలు పనిచేసిన విలియం బ్రాడ్‌ఫర్డ్ తన చరిత్ర గ్రంథము చివర మేఫ్లవర్ ప్రయాణికుల జాబితా ఒకటి వ్రాశాడు. అందులో విలియం వైట్, అతని భార్య సూసన్న, రిజాల్వ్డ్ అనే కుమారుడు, ఓడలోనే పుట్టిన పెరెగ్రిన్ అనే మరొక కుమారుడు, ఇద్దరు సేవకులు ఉన్నారు. రిజాల్వ్డ్ అనగా దృఢనిశ్చయము గలవాడు, పెరెగ్రిన్ అనగా యాత్రికుడు. 1620 నవంబరు చివరిలో ఓడ కేప్ కాడ్ రేవులో లంగరు వేసి ఉండగా పెరెగ్రిన్ జన్మించాడు. న్యూ ఇంగ్లాండు ప్రాంతములో ఇంగ్లీషు తల్లిదండ్రులకు పుట్టిన మొదటి బిడ్డగా అతనిని చెబుతారు.

ఆ తరువాతి చలికాలము భయంకరమైనది. ఓడలో వచ్చిన 102 మంది ప్రయాణికులలో దాదాపు సగము మంది కొన్ని నెలలలోనే మరణించారు. విలియం వైట్ 1621 ఫిబ్రవరి 21న చనిపోయాడు. అదే సంవత్సరము మార్చి 24న ఎడ్వర్డ్ విన్‌స్లో భార్య ఎలిజబెత్ చనిపోయింది. మే 12న విన్‌స్లోకును విధవరాలైన సూసన్నకును వివాహము జరిగింది. ఆ వలసలో అది మొదటి వివాహము. ఓడలో వచ్చిన 18 మంది పెద్దవయస్సు స్త్రీలలో ఆ సంవత్సరపు కోత పండుగ నాటికి బ్రతికి ఉన్నవారు నలుగురే. వారిలో సూసన్న ఒకతె. చంటిబిడ్డను ఒడిలో పెట్టుకొని, ఐదారు సంవత్సరాల పిల్లవానిని వెంటబెట్టుకొని ఆమె ఆ చలికాలమును దాటింది.

తరువాత విన్‌స్లో గవర్నరు అయ్యాడు. వారి కుమారుడైన జోసయ్య విన్‌స్లో 1673 నుండి 1680 వరకు గవర్నరుగా ఉన్నాడు. అక్కడే పుట్టి ఆ పదవికి వచ్చినవారిలో అతడు మొదటివాడు. ఇన్ని సంగతులు తెలిసిన స్త్రీకి తండ్రి పేరు మాత్రము ప్లిమత్ వ్రాతలలో కనబడదు. బ్రాడ్‌ఫర్డ్ జాబితాలో ఆమె పేరు ఒకసారి వస్తుంది. ప్రయాణికులకు తరువాత ఏమి సంభవించినదో చెప్పే భాగములో ఆమె "వైట్ భార్య" మాత్రమే. ఆ మొదటి వివాహమును గూర్చి గ్రంథములో చెప్పిన చోట వధూవరులిద్దరి పేర్లును లేవు.

3. ఫుల్లర్ వాదము, దాని ఆకర్షణ

ఈ ఖాళీని పూరించుటకు వంశచరిత్రకారులు హాలండు దేశపు లైడెన్ పట్టణము వైపు చూశారు. ఇంగ్లాండు రాజ్యసంఘమునుండి వేరైన విశ్వాసులు 1609 నుండి పాస్టరు జాన్ రాబిన్సన్ నాయకత్వములో అక్కడ నివసించారు. మేఫ్లవర్ ప్రయాణికులలో ఒక ముఖ్యభాగము ఆ సంఘమునుండి వచ్చినదే. లైడెన్ నగరపు వివాహ నమోదులలో 1612లో విలియం వైట్ అనే ఉన్ని పనివానికిని అన్నా ఫుల్లర్ అనే ఇంగ్లీషు యువతికిని జరిగిన వివాహము ఉన్నది. దానికి సాక్షులుగా వచ్చినవారిలో సామ్యూల్ ఫుల్లర్ ఒకడు. ఈయన తరువాత మేఫ్లవర్‌లో వచ్చి ప్లిమత్‌లో వైద్యుడుగాను సంఘ పరిచారకుడుగాను సేవ చేసినవాడే.

ఇక్కడినుండి వాదము సులభముగా అల్లుకొన్నది. వరుని పేరు విలియం వైట్, సరిపోయింది. సంవత్సరము 1612, పెద్ద కుమారుడు దాదాపు 1615లో పుట్టాడు, సరిపోయింది. వధువు ఫుల్లర్ ఇంటిది, సామ్యూల్ ఫుల్లర్ అదే ఓడలో వచ్చాడు, కనుక అన్నాచెల్లెళ్లు కలిసి వచ్చారనుకొనుటకు అందముగా సరిపోయింది. ఒక్క వధువు పేరు మాత్రము సరిపోలేదు. దానికి కూడ ఒక ఉపాయము దొరికింది. సూసన్నలో అన్నా ఉన్నది గదా, డచ్చి గుమాస్తా సగము పేరే వ్రాసి ఉంటాడని చెప్పారు. ఆవిధముగా సూసన్న "సామ్యూల్ ఫుల్లర్ చెల్లెలు" అయ్యింది. ఒక పుస్తకమునుండి మరొక పుస్తకము ఎత్తి వ్రాయగా, ఊహ అన్న మాట దారిలో రాలిపోయి వాస్తవముగా నిలిచిపోయింది. మేము కూడ ఒక కోత పండుగ ప్రసంగములో ఆమెను అలాగే పరిచయము చేశామని ఇక్కడ ఒప్పుకొనవలసి ఉన్నది.

ఈ వాదములో మూడు బలహీనతలు కనబడుతున్నవి. మొదటిది, విలియం అనే పేరును వైట్ అనే ఇంటిపేరును ఇంగ్లీషువారిలో మిక్కిలి సాధారణమైనవి. లైడెన్ పత్రములలోనే ఈ పేరు గలవారు ఒకరికంటె ఎక్కువమంది ఉన్నారు. రెండవది, ఆమెను ఎరిగినవారు ఎవరును ఆమెను అన్నా అని పిలిచినట్లు లేదు. బ్రాడ్‌ఫర్డ్ ఆమె పేరును సూసన్న అనియే వ్రాశాడు. మరొక సాక్ష్యము చిత్రపటములో ఉన్నది. 1651లో లండనులో వేయించిన విన్‌స్లో చిత్రపటము నేడు ప్లిమత్‌లోని పిల్‌గ్రిమ్ హాల్ మ్యూజియములో ఉన్నది. మేఫ్లవర్ ప్రయాణికులలో సజీవముగా ఉండగా చిత్రించినట్లు తెలిసిన ముఖము ఇదొక్కటే. ఆ చిత్రములో ఆయన చేతిలో ఒక ఉత్తరము ఉన్నది. అది ప్రేమగల భార్య సూసన్న వ్రాసినట్లుగా దానిమీద సంతకము కనబడుతుంది. ముప్పది సంవత్సరాలు కాపురము చేసిన భర్త ఎరిగిన పేరు ఇది. మూడవది, వాదమునకు అడ్డు వచ్చిన ఒకే ఒక వివరమును, అనగా పేరునే, మార్చుకొని మిగిలిన వివరములను అనుకూలముగా చదువుకొనుట విమర్శన పద్ధతి కాదు. సాక్ష్యము మన ఊహకు లోబడకపోతే ఊహను మార్చుకొనవలెను గాని సాక్ష్యమును కాదు.

4. 1623 నాటి లేఖ

అయితే పై మూడును అనుమానములే. ఫుల్లర్ వాదమును నిజముగా కూల్చినది ఒక కుటుంబ లేఖ. 1623లో విన్‌స్లో వలస పనిమీద ఇంగ్లాండుకు వచ్చి, మరుసటి సంవత్సరము వసంతకాలములో కొన్ని పశువులతో తిరిగి వెళ్లాడు. ఆ ప్రయాణ సమయములో లింకన్‌షైర్‌లోని స్పాల్డింగ్ పట్టణములో ఉన్న రాబర్ట్ జాక్సన్ అనే వ్యక్తికి ఉత్తరము వ్రాస్తూ ఆయనను "అంకుల్" అని సంబోధించాడు. అందులో తన ఇంటి సంగతులు తెలియజేశాడు. దాదాపు రెండు సంవత్సరాల క్రితము తన మామగారికి ఉత్తరము వ్రాశాననియు, వైట్ మరణమును, కుమార్తెయు ఆమె ఇద్దరు పిల్లలును క్షేమముగా ఉన్న సంగతిని, దేవుని ఏర్పాటువలన ఆమె ఇప్పుడు తన భార్య అయిన సంగతిని అందులో తెలిపాననియు పేర్కొన్నాడు. తమకు పుట్టిన ఒక బిడ్డను దేవుడు తిరిగి తీసుకొన్నాడని, తాను బయలుదేరేనాటికి భార్య మరల గర్భవతిగా ఉన్నదని కూడ వ్రాశాడు.

ఈ మాటలలోని కాలక్రమమును గమనించవలెను. 1621లో విన్‌స్లో తన భార్య తండ్రికి ఉత్తరము వ్రాశాడు. అనగా 1621లో ఆయన బ్రతికి ఉన్నాడని అల్లుడు నమ్మాడు. ఇప్పుడు ఫుల్లర్ కుటుంబమును చూడుడి. సామ్యూల్ ఫుల్లర్ తండ్రి నార్ఫోక్ ప్రాంతములోని రెడెన్‌హాల్ గ్రామస్థుడైన రాబర్ట్ ఫుల్లర్, వృత్తిరీత్యా మాంసము అమ్మేవాడు. ఆయన 1614లోనే మరణించాడు. సూసన్న సామ్యూల్‌కు తోబుట్టువైతే, ఆమె తండ్రి చనిపోయి అప్పటికి ఏడు సంవత్సరాలు గడిచినవి. చనిపోయినవానికి అల్లుడు క్షేమసమాచారము వ్రాయడు. కనుక ఆమె రాబర్ట్ ఫుల్లర్ కుమార్తె కాజాలదు.

ఇక్కడ ఒక ఆక్షేపణకు జవాబు చెప్పవలసి ఉన్నది. 17వ శతాబ్దపు ఇంగ్లీషులో భార్య తండ్రిని పిలిచే మాటనే మారుతండ్రికి కూడ వాడేవారు. రాబర్ట్ ఫుల్లర్ భార్య మరల వివాహము చేసుకొని ఉంటే, లేఖలోని మామగారు ఆ రెండవ భర్త అయి ఉండవచ్చును గదా అని ఎవరైనా అడుగవచ్చు. అది అసాధ్యమని భాషను బట్టి మాత్రమే చెప్పలేము. అయితే ఆ వాదమునకు, ఎక్కడను నమోదు కాని ఒక రెండవ వివాహమును, పేరు తెలియని ఒక మారుతండ్రిని, జాక్సన్ అనే బంధువునకు వేరొక కారణమును, ముందే చెప్పుకొన్న పేరు మార్పును, ఇన్నింటిని కలిపి ఊహించుకోవాలి. ఒక తప్పును కాపాడుటకు నాలుగు ఊహలు కావలసివచ్చినప్పుడు ఆ తప్పును విడిచిపెట్టుటే న్యాయము.

5. జాక్సన్ ప్రతిపాదన: ఎంతవరకు?

2017లో సూ అలన్, కేలబ్ జాన్సన్, సైమన్ నీల్ అనే ముగ్గురు పరిశోధకులు "ది అమెరికన్ జీనియాలజిస్ట్" పత్రికలో ఒక వ్యాసము ప్రచురించారు. సూసన్న ఫుల్లర్ ఇంటిది కాదనియు, నాటింగ్‌హామ్‌షైర్‌లోని స్క్రూబీ గ్రామస్థుడైన రిచర్డ్ జాక్సన్ కుమార్తె అనియు వారు వాదించారు. వంశచరిత్ర పరిశోధకులలో ఈ నిర్ణయము నేడు విస్తారముగా అంగీకరింపబడింది.

స్క్రూబీ అనగానే సంఘచరిత్ర విద్యార్థులు చెవియొగ్గవలెను. విలియం బ్రూస్టర్ ఇంటిలో వేర్పాటువాద విశ్వాసులు రహస్యముగా కూడుకొన్న గ్రామమదే. 1608లో సంఘ న్యాయస్థానము పిలిచినప్పుడు హాజరు కానందుకు ముగ్గురు స్క్రూబీవాసులకు ఒక్కొక్కరికి 20 పౌండ్ల జరిమానా విధించారు. ఆ ముగ్గురి పేర్లు విలియం బ్రూస్టర్, రాబర్ట్ రాచెస్టర్, రిచర్డ్ జాక్సన్. బ్రూస్టర్ పేరు ప్రతి చరిత్ర పుస్తకములో ఉన్నది. ఆయన ప్రక్కనే నిలిచిన జాక్సన్ పేరును దాదాపు అందరును దాటి వెళ్లారు.

అయితే మనము అంగీకరించే ముందు, లేఖ ఎంత చెబుతుందో ఎంత చెప్పదో తూచి చూడవలెను. ఈ పనిలో తెలుగు చదువరికి ఒక సౌకర్యము ఉన్నది. ఇంగ్లీషులోని "అంకుల్" అనే మాటను తెలుగులోనికి తర్జుమా చేయవలసివస్తే మనము వెంటనే చిక్కులో పడతాము. పెదనాన్నా, బాబాయా, మేనమామా, మేనత్త భర్తా, పినతల్లి భర్తా? మన భాష తేల్చి చెప్పుమని అడుగుతుంది, ఇంగ్లీషు మాట తేల్చదు. రాబర్ట్ జాక్సన్ సూసన్న తండ్రికి అన్నదమ్ముడైతే ఆమె ఇంటిపేరు జాక్సన్. తల్లికి అన్నదమ్ముడైతే ఆమె తల్లి పుట్టింటి పేరు జాక్సన్, ఆమెది మరొకటి. మేనత్తకో పినతల్లికో భర్త అయితే జాక్సన్ అనే పేరు ఆమెకు పుట్టింటి వైపునుండి రానే రాదు. అసలు ఆయన విన్‌స్లోకే సొంత బంధువు కావచ్చును గదా అనే నాలుగవ అవకాశము కూడ ఉన్నది. విన్‌స్లో తల్లి పుట్టింటి పేరు ఆలివర్ గనుక తండ్రి వైపున గాని తల్లి వైపున గాని జాక్సన్ అనే పేరు నేరుగా తగలదు. అంతేగాక మామగారి కుటుంబ సంగతులన్నియు ఆయనతో మాటలాడుతున్నందున ఆయన భార్య వైపు బంధువని తలంచుటే సహజము.

కనుక లేఖ ఒక్కటే చూస్తే తీర్పు ఇలా ఉంటుంది. సూసన్న ఫుల్లర్ కాదనుట దృఢము. ఆమెకు జాక్సన్ కుటుంబముతో సంబంధము ఉన్నదనుట బహుశా నిజము. ఆమె ఇంటిపేరే జాక్సన్ అనుట లేఖవలన మాత్రమే సిద్ధింపదు. ముగ్గురు పరిశోధకుల వాదనకు బలము ఈ లేఖను విడిగా గాక, ఇంగ్లాండులోని జాక్సన్ కుటుంబ పత్రములతో జోడించి చదువుటలో ఉన్నది. సూసన్న జాక్సన్ అను పేరును మేము అంగీకరిస్తున్నాము. అయితే బాప్తిస్మపు రిజిస్టరులో తండ్రి పేరు చూచి చెప్పే నిశ్చయతకును, పలు పత్రములను కూర్చి చేరుకొన్న నిర్ణయమునకును మధ్య భేదము ఉన్నదని చెప్పి మరీ అంగీకరిస్తున్నాము. నిర్ణయము సరియైనదైనను ఈ భేదమును చెరిపివేస్తే, మరొక వంద సంవత్సరాలకు మనమును ఫుల్లర్ వాదులవలెనే కనబడతాము.

6. వివాహమును గూర్చిన సిద్ధాంతమును, నమోదును

ప్లిమత్‌లో వధువు తండ్రి పేరు చెప్పే సంఘ వివాహ రిజిస్టరు ఎందుకు వెదకలేము అనే ప్రశ్నకు ఒక వేదాంతపరమైన జవాబు ఉన్నది. 1621 మే 12న జరిగిన ఆ వివాహమును పాస్టరు జరిపించలేదు. అధికారి జరిపించాడు. హాలండులో తాము చూచిన పద్ధతి ఇదేననియు, వివాహము వారసత్వపు ప్రశ్నలతో ముడిపడిన పౌర వ్యవహారమనియు, సువార్తలో ఎక్కడను ఇది బోధకుల పరిచర్యలో భాగముగా నియమింపబడలేదనియు బ్రాడ్‌ఫర్డ్ వివరించాడు. దానికి లేఖనాధారముగా రూతు గ్రంథము 4వ అధ్యాయమును చూపించాడు. ఊరి గవిని యొద్ద పెద్దల సమక్షమున బోయజు రూతును భార్యగా స్వీకరించిన సందర్భమది. రూతు కూడ విధవరాలే, పరదేశములో పునర్వివాహము చేసుకొన్నదే.

ఈ సిద్ధాంతమును నమ్మినందుకు విన్‌స్లో తరువాత వెల చెల్లించాడు. ఆయన 1630వ దశకము మధ్యలో ఇంగ్లాండుకు వచ్చినప్పుడు, అభిషేకము పొందనివాడై యుండి సంఘములో బోధించినందుకును, అధికారిగా వివాహములు జరిపించినందుకును ఆర్చిబిషప్పు లాడ్ ఆయనను ఫ్లీట్ చెరసాలలో వేయించాడు. ఆయన అక్కడ దాదాపు నాలుగు నెలలు ఉన్నాడు. భర్త తన వివాహ సిద్ధాంతము కొరకు చెరలో ఉన్నట్లు పత్రములు చెబుతున్నవి. ఆ నెలలలో సముద్రమునకు అవతల ఇల్లు ఎవరు నడిపించారో అవి చెప్పవు. 1646లో విన్‌స్లో మరల ఇంగ్లాండుకు వెళ్లి తిరిగి రాలేదు. 1655లో సముద్రము మీదనే మరణించాడు. సూసన్న మరణించిన తేదీ కూడ మనకు మిగలలేదు.

7. వంశావళులను గూర్చిన హెచ్చరిక

మితము లేని వంశావళుల జోలికి పోవద్దని పౌలు తిమోతికిని తీతుకును హెచ్చరించలేదా (1 తిమోతి 1:4, తీతు 3:9), పాస్టరులకు ఈ పరిశోధన ఎందుకు అని సహోదరులు కొందరు అడుగవచ్చు. ఆ హెచ్చరికను మేము తేలికగా తీసుకొనుట లేదు. మేఫ్లవర్ సంతతి అనే గర్వము అమెరికాలో ఒక పెద్ద వ్యాపారముగా కూడ మారింది. సూసన్న కుమారుడు జోసయ్య గవర్నరుగా ఉన్న కాలములోనే, 1675–76లో, ఆ నేల మూలవాసులైన వాంపనోవాగ్ ప్రజలతోను వారి మిత్రులతోను ఘోరమైన యుద్ధము జరిగింది. అదే ప్రజల నాయకుడు మసాసోయిట్ 1623లో జబ్బుపడి ఉండగా విన్‌స్లో వెళ్లి పరిచర్య చేశాడు. తండ్రి చేసిన ఉపచారమును జ్ఞాపకముంచుకొని కుమారుని యుద్ధమును మరచిపోయే వంశావళి పౌలు ఖండించిన కోవలోనిదే.

అయితే లేఖనములు వంశావళులను పూర్తిగా త్రోసివేయలేదు. ఎజ్రా 2:61-63లో ఒక విశేషమైన సంగతి ఉన్నది. చెరనుండి తిరిగివచ్చిన యాజకులలో ఒక కుటుంబమువారు ఉన్నారు. వారి పితరుడు గిలాదీయుడైన బర్జిల్లయి కుమార్తెలలో ఒకతెను పెండ్లి చేసుకొని, ఆమె పుట్టింటి పేరుననే పిలువబడ్డాడు. తమ వంశపు నమోదును వారు వెదికినను అది కనబడలేదు. అధికారి వారిని జనములోనుండి వెళ్లగొట్టలేదు, అలాగని వారి మాట విని యాజకులుగా అంగీకరించనూ లేదు. ఊరీము తుమ్మీములతో నిర్ణయించే యాజకుడు వచ్చేవరకు అతిపరిశుద్ధమైన వాటిని తినవద్దని చెప్పాడు. స్త్రీ పుట్టింటి పేరువలన ఏర్పడిన చిక్కునకు ఆ అధికారి ఇచ్చిన తీర్పు, ఆధారము దొరికేవరకు నిలిచి ఉండుట. మా దృష్టిలో సూసన్న విషయములో చరిత్రకారులు చేయవలసియుండినది అదే. "తెలియదు" అని వ్రాసి ఆ చోటును ఖాళీగా ఉంచి ఉంటే, జాక్సన్ కొరకు వెదుకుట ఎప్పుడో ఆరంభమయ్యేది. ఖాళీగా ఉన్న చోటు చూచినవానికి వెదకాలనిపిస్తుంది. తప్పు పేరుతో నిండిన చోటు చూచినవాడు వెదకుట మానివేస్తాడు.

8. మన పరిచర్యకు కొన్ని పాఠములు

మొదటిది, ఒకే పేరు ఒకే మనిషి అని అనుకొనరాదు. క్రీ.శ. 591లో రోమా బిషప్పు గ్రెగొరీ ఒక ప్రసంగములో మగ్దలేనే మరియను, బేతనియ మరియను, లూకా 7వ అధ్యాయములోని పేరు లేని స్త్రీని ఒక్కరిగా కలిపి చెప్పాడు. దాని ఫలితముగా మగ్దలేనే మరియ శతాబ్దాల తరబడి పశ్చాత్తాపపడిన వ్యభిచారిణిగా పాటలలో, చిత్రములలో, ప్రసంగములలో నిలిచిపోయింది. పునరుత్థానమునకు మొదటి సాక్షి అన్న గౌరవము ఆ నింద క్రింద మరుగునపడింది. మన పల్లెల రిజిస్టరులలో మరియమ్మలు, మార్తమ్మలు, శాంతమ్మలు ఎందరో ఉన్నారు. బాప్తిస్మములో ఇచ్చిన కొత్త పేరు, ఇంట్లో పిలిచే పాత పేరు, పెండ్లితో మారిన ఇంటిపేరు, ఈ మూడును ఒకచోట వ్రాయకపోతే రెండు తరముల తరువాత ఎవరు ఎవరో చెప్పేవారు ఉండరు.

రెండవది, ఒక స్త్రీకి తప్పు తండ్రిని అంటగట్టుట వలన నిజమైన తండ్రి కూడ మరుగవుతాడు. సూసన్నను ఫుల్లర్ చెల్లెలుగా చూచినంతకాలము ఆమె అన్న వెంట ఓడ ఎక్కిన స్త్రీగానే కనబడింది. ఆమె రిచర్డ్ జాక్సన్ కుమార్తె అయితే చిత్రము మారుతుంది. విశ్వాసము నిమిత్తము 1608లో న్యాయస్థానమును ధిక్కరించి జరిమానాకు గురియైన ఇంటినుండి ఆమె వచ్చింది. ఆమె అంతరంగములో ఏ విశ్వాసము ఉన్నదో మనకు చెప్పే పత్రము లేదు. కాని ఏ ఇంటి భోజనపు బల్ల యొద్ద ఆమె పెరిగిందో ఇప్పుడు కొంత తెలుసు.

మూడవది, పుల్పిటుమీద మనము చేసిన తప్పును పుల్పిటుమీదనే దిద్దుకొనవలెను. ఆ వృద్ధురాలి సమాధి జరిగిన తరువాత వచ్చిన ఆదివారమున మేము సంఘము ఎదుట ఆమె తండ్రి పేరు సరిగా చదివి, రిజిస్టరులో ఇద్దరి ఎదుట వేర్వేరుగా గుర్తు వ్రాశాము. ఆమె తమ్ముడు ఏమియు అనలేదు. ఆరాధన అయిన తరువాత తన మనుమలిద్దరిని తీసుకొనివచ్చి ఆ పేజీ చూపించుమని అడిగాడు.

9. ముగింపు

లూకా 8:3లో కూడ ఒక సూసన్న ఉన్నది. ఆమె ముందు చెప్పబడిన యోహన్నకు భర్త పేరు, అతని ఉద్యోగము కూడ లూకా వ్రాశాడు. సూసన్నకు భర్త పేరు గాని తండ్రి పేరు గాని వ్రాయలేదు. ఆమె ప్రభువునకు ఉపచారము చేసిన స్త్రీలలో ఒకతె అన్నంతవరకే చెప్పి, తన సాక్ష్యము ఆగిన చోట తానును ఆగాడు. అన్నియు వరుసగా పరిశీలించి వ్రాయుటకు పూనుకొన్న సువార్తికుడు చూపించిన మాదిరి ఇది. ప్లిమత్ సూసన్నను గూర్చి వ్రాసినవారు ఈ మాదిరిని అనుసరించి ఉంటే, ఆమె తండ్రి తన కుమార్తెను తిరిగి పొందుటకు 2017 వరకు వేచియుండవలసిన పని లేకపోయెడిది. మన సంఘ రిజిస్టరులలో ఇటువంటి సూసన్నలు ఇంకను ఎందరు ఉన్నారో, వారి తోబుట్టువులు బ్రతికి ఉండగానే అడిగి వ్రాసుకొనుట మనవంతు.